కారు దిగింది... గుండె జారింది!

జిప్ టై తెలుసు కదా? వైర్లన్నీ కట్టగా కట్టడానికి వాడే ప్లాస్టిక్ పట్టీ. రూపాయికో, రెండు రూపాయలకో వస్తుంది. నా కారుకు వేయించిన సస్పెన్షన్ ఖరీదు 1,15,000 రూపాయలు. దాన్ని బిగించడంలో నేను చేసిన తప్పేంటో చెప్పింది మాత్రం ఆ రూపాయి జిప్ టైనే. అది చెప్పకపోయుంటే, ఆ ఆదివారం అమ్మానాన్నల్ని అదే కారులో ఎక్కించుకుని విజయవాడ హైవే మీద బయల్దేరేవాణ్ని. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రీల్స్‌లో నేలకు ఆనుకుని పోయే కార్లు చూసి, మనమూ కాయిలోవర్లు వేయిద్దామనుకునేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. వద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. నేను వేయించుకున్నా, ఇప్పటికీ నా కారుకు అవే ఉన్నాయి. కాకపోతే నేను నేర్చుకున్న పద్ధతిలో మీరు నేర్చుకోకూడదని రాస్తున్నా.

నాలుగు వేళ్ల సందు

నాది పోలో జీటీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మన దేశంలో 2010 నుంచి 2022 దాకా అమ్ముడైన పోలోలో కాస్త దూకుడున్న రకం. బరువు సుమారు 1,100 కిలోలు. చిన్న టర్బో ఇంజిన్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. తొక్కితే పరుగే.

కానీ మన రోడ్లకు తగ్గట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది. టైరుకీ, పైన ఫెండర్ అంచుకీ మధ్య నాలుగు వేళ్లు దూరేవి. పార్కింగ్‌లో చూసినప్పుడల్లా పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి వాన నీళ్లలో నిలబడ్డ పెద్దమనిషిలా కనిపించేది నా కంటికి.

నిజంగా ఒక అవసరం కూడా ఉంది. పాత షాకబ్జర్లు 80,000 కిలోమీటర్లు తిరిగి అలసిపోయాయి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు కారు పడవలా ఊగేది. ఎలాగూ మార్చాలి. మార్చేవేవో మంచివే వేద్దాం, పనిలో పనిగా కిందికి దించుదాం అనుకున్నా.

తక్కువ ఖర్చులో దించాలంటే లోయరింగ్ స్ప్రింగులు దొరుకుతాయి. పొట్టివి, గట్టివి. పాత షాకబ్జర్లకే వీటిని తగిలిస్తారు. చిక్కేంటంటే, ఆ షాకబ్జర్ మెత్తటి స్ప్రింగును అదుపు చేయడానికి తయారైంది. దాని మీద గట్టి స్ప్రింగు పెడితే ఆపలేదు. పైగా ఎప్పుడూ సగం మునిగే పనిచేస్తుంది కాబట్టి తొందరగా అరిగిపోతుంది. అందుకే నేరుగా కాయిలోవర్లకే వెళ్లా.

డబ్బాలో ఏముంది?

ముందు చిన్న పాఠం. స్ప్రింగు పని బరువు మోయడం. డ్యాంపర్ పని, అంటే మనం షాకబ్జర్ అనేదాని పని, ఆ స్ప్రింగు ఊగుడును ఆపడం. స్ప్రింగు లేకపోతే కారు కూలబడుతుంది. డ్యాంపర్ లేకపోతే గుంత దాటాక కూడా బంతిలా ఎగురుతూనే ఉంటుంది.

డ్యాంపర్ చుట్టూ స్ప్రింగు చుట్టుకుని ఉండే అమరికే కాయిలోవర్. నిజానికి మామూలు కార్లలో ముందు చక్రాలకు ఉండే స్ట్రట్ కూడా అలాంటిదే. ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1940ల్లో రూపొందించిన డిజైన్ అది. ఆయన పేరుతోనే మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అంటున్నాం. మనం విడిగా కొనే కాయిలోవర్‌లో తేడా ఒకటే. డ్యాంపర్ గొట్టానికి బయట మరలు ఉంటాయి. స్ప్రింగు కూర్చునే కాలర్ ఆ మరల మీద పైకీ కిందికీ తిరుగుతుంది. కాలర్ దించితే కారు దిగుతుంది, ఎత్తితే లేస్తుంది.

పోలోకి వెనక చక్రాల మధ్య అడ్డంగా ఒక దూలం ఉంటుంది. ట్విస్ట్ బీమ్ అంటారు. అక్కడ స్ప్రింగు వేరు, డ్యాంపర్ వేరు. కాబట్టి వెనక స్ప్రింగు కింద ఎత్తు మార్చే కాలర్ విడిగా వస్తుంది.

నా కిట్‌లో స్ప్రింగులు ముందు 5 కేజీలవి, వెనక 4 కేజీలవి. 5 కేజీ అంటే, 5 కిలోల బరువు పెడితే 1 మిల్లీమీటరు నలుగుతుందన్నమాట. ముందు ఒక్కో స్ప్రింగు మీద 300 కిలోలు పడితే 60 మిల్లీమీటర్లు నలిగి ఆగుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

ఇక డ్యాంపర్ చివర ఒక చిన్న నాబ్. 32 క్లిక్కులు. తిప్పేకొద్దీ డ్యాంపర్ బిగుసుకుంటుంది. ఆ నాబ్ చూడగానే నాకు రేసర్ ఫీలింగ్ వచ్చేసింది.

షెడ్డులో ఒక ఆదివారం

హైదరాబాద్‌లో నా కారు చూసే మెకానిక్‌ని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన షెడ్డులోనే పని. పక్కనుండి నేనూ చేయి వేస్తానంటే సరే అన్నాడు.

చక్రం విప్పకముందే టేపు తీసుకుని కొలతలు రాశాం. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైర్లో గాలిని బట్టి మారిపోతుంది, ఇది మారదు. ముందు 372 మి.మీ., వెనక 375 మి.మీ. వచ్చింది.

తర్వాత కారు లేపి స్టాండ్ల మీద నిలబెట్టాం. ఇది గట్టిగా చెబుతున్నా. జాకీ కారును లేపడానికి మాత్రమే. స్టాండ్లు పెట్టకుండా, వట్టి జాకీని నమ్మి కింద దూరకండి. జాకీ జారితే మళ్లీ చాన్సుండదు.

ముందు చక్రం విప్పాక బ్రేకు హోసును, ఏబీఎస్ వైరును స్ట్రట్ నుంచి తప్పించాం. లేకపోతే స్ట్రట్ కిందికి జారినప్పుడు బరువంతా వాటి మీద పడి తెగుతాయి. తర్వాత లింకు రాడ్డు విప్పాం. ఈ కారులో స్ట్రట్ అడుగు భాగం నకిల్‌లో గట్టిగా దూరి ఉంటుంది. పించ్ బోల్టు తీసి, ఆ సందును స్ప్రెడర్‌తో కాస్త తెరిస్తేనే బయటికొస్తుంది. నేను సుత్తి అందుకున్నా. ఉస్తాద్ లాక్కున్నాడు.

"బేరింగ్ పోతది తమ్మీ. కొట్టుడు కాదు, తెరువుడు."

కొత్త స్ట్రట్ పైన నట్టును గన్నుతో గిర్రున తిప్పేయకూడదని కూడా అప్పుడే తెలిసింది. నట్టుతో పాటు లోపలి రాడ్డు కూడా తిరిగితే సీలు పాడవుతుంది. అలెన్ కీతో రాడ్డును పట్టుకుని, చేత్తో పానా తిప్పాలి. నా కిట్‌తో పాటే పై మౌంట్లు కూడా వచ్చాయి కాబట్టి పాత స్ట్రట్లను విప్పే పని తప్పింది. అవి లేకపోతే పాత స్ప్రింగును కంప్రెసర్‌తో నలిపి మౌంటు తీయాలి. నలిపి పెట్టిన స్ప్రింగు జారిందంటే మనిషి ప్రాణం తీయగలదు. అది ఇంట్లో చేసే పని కాదు.

వెనక పని తేలిక. రెండు డ్యాంపర్ల కింది బోల్టులు తీసి, దూలాన్ని జాకీతో నెమ్మదిగా దించితే స్ప్రింగులు చేతికొచ్చేశాయి. బ్రేకు హోసులు సాగకుండా మాత్రం చూసుకోవాలి.

అన్నీ తగిలించాక నేను పానా తీసుకుని బిగించబోతుంటే ఉస్తాద్ మళ్లీ ఆపాడు. రబ్బరు బుష్ ఉన్న బోల్టును చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదట. కారు దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. గాల్లో బిగిస్తే ఆ రబ్బరు రోజంతా మెలిపడే ఉంటుంది. కొన్నాళ్లకే చిరిగిపోతుంది. ఒకసారి బిగించాక మళ్లీ వాడకూడని నట్లు, బోల్టులు కొన్ని ఉంటాయి. అవి కొత్తవి తెప్పించాం. చివరి బిగింపంతా టార్క్ రెంచ్‌తోనే.

ఇంతవరకూ అంతా పద్ధతిగానే జరిగింది. అసలు గొడవ ఎత్తు దగ్గర మొదలైంది.

"ముందుగాల 20 దించు. వారం నడుపు. గప్పుడు జూద్దం," అన్నాడు ఉస్తాద్.

"55 దించుదాం అన్నా," అన్నా నేను.

"తమ్మీ, ఫొటో కోసం దించుతున్నవా, నడపనీకి దించుతున్నవా?"

నేను నవ్వేశా. ఆయన నవ్వలేదు. కాలర్లు తిప్పాం. ముందు 318, వెనక 322. టైరు పైన ఒక్క వేలు కూడా కష్టంగా దూరుతోంది. కారు నేలను కరుచుకున్నట్టుంది. ఆనందం పట్టలేక పది ఫొటోలు తీశా.

ఉస్తాద్ మాత్రం నాలుగు జిప్ టైలు తెచ్చి, ఒక్కో డ్యాంపర్ మెరిసే రాడ్డుకు ఒక్కోటి చుట్టి, మిగిలిన తోక కత్తిరించాడు.

"ఇవెందుకన్నా?"

"ఉండనీ. పనికొస్తది."

ఆ గురువారం రాత్రి

ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో ముక్కు బయటికి తోస్తుంది. వెనకభాగం గట్టిగా ఉంటే ఆ తోపు తగ్గుతుంది. వీడియోల్లో అందరూ చెప్పే మాటే ఇది, అబద్ధం కూడా కాదు. నేను దాన్ని పట్టుకుని వెనక రెండు నాబ్‌లూ 32వ క్లిక్ దాకా తిప్పేశా. ముందు 20. రోడ్డు మీద కారు పలకలా గట్టిగా అనిపించింది. గట్టిగా ఉంటే పట్టు ఎక్కువ అనుకున్నా. పొరపాటు అక్కడే.

గురువారం రాత్రి తొమ్మిదిన్నర. తుంపర పడుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు మీంచి ఎగ్జిట్ ర్యాంప్‌లోకి దిగుతున్నా. అక్కడి వేగపరిమితి కంటే కాస్త ఎక్కువే పోతున్నా. అది నా తప్పే, దాచను. మలుపు మధ్యలో రోడ్డు అతుకులు వరసగా మూడు వచ్చాయి. మొదటిది దాటాక వెనక నుంచి టక్ మని శబ్దం. రెండోదానికి నడుము కింద సుత్తితో కొట్టినట్టయింది. భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశా. మూడో అతుకు దగ్గర కారు వెనకభాగం నన్ను వదిలేసింది.

సగం లేను పక్కకు జారింది. డ్యాష్‌బోర్డులో ఈఎస్‌పీ లైటు టపటపా కొట్టుకుంది. స్టీరింగ్ ఎటు తిప్పానో, ఏం చేశానో గుర్తులేదు. అదే సర్దుకుందో, ఈఎస్‌పీ సర్దిందో. పక్కన బండి లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నా. లారీ ఉండుంటే?

సర్వీసు రోడ్డులో టీ బంకు దగ్గర ఆపి కూర్చున్నా. గ్లాసు పట్టుకుంటే టీ ఒలికిపోతోంది. అప్పుడు మోగింది ఫోను. అమ్మ.

"నాన్నా, ఆదివారం సూర్యాపేట పెళ్లికి నీ కారులోనే కదా వెళ్లేది? బస్సులో అయితే నాన్నగారి నడుం పట్టేస్తుంది."

"నా కారులోనేమ్మా," అన్నా. ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

జిప్ టై చెప్పిన లెక్క

తెల్లారగానే షెడ్డుకు పోయా. ఉస్తాద్ ఏమీ అడగలేదు. టార్చి పట్టుకుని వెనక చక్రం సందులోకి చూసి, "రా, జూడు," అన్నాడు.

డ్యాంపర్ నలిగినప్పుడు దాని మూతి జిప్ టైని రాడ్డు మీద పైకి నెడుతుంది. తిరిగి సాగినప్పుడు జిప్ టై అక్కడే ఉండిపోతుంది. అంటే డ్యాంపర్ ఎంత లోతుకు నలిగిందో దానికి అదే గుర్తు. నా వెనక జిప్ టైలు రెండూ పైనున్న బంప్‌స్టాప్‌లోకి గుచ్చుకుపోయి ఉన్నాయి.

బంప్‌స్టాప్ అంటే రాడ్డు చివర ఉండే రబ్బరు లాంటి ముక్క. ఇనుము ఇనుముకు తగలకుండా కాపాడే ఆఖరి దిండు. డ్యాంపర్ దాని మీదికెళ్లిందంటే స్ప్రింగు పని అయిపోయినట్టే. అప్పటిదాకా 4 కేజీల స్ప్రింగు మీదున్న చక్రం ఒక్కసారిగా రాయి మీదున్నట్టు అవుతుంది. టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. తడి రోడ్డు మీద మలుపులో అది జరిగితే ఏమవుతుందో నేను చూశా.

టేపు పెట్టి కొలిచాం. కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడు వెనక డ్యాంపర్ మూతికీ బంప్‌స్టాప్‌కీ మధ్య మిగిలిన దూరం 15 మి.మీ. అంతే. కాయిలోవర్లలో కొన్నిటికి అడుగు బ్రాకెట్ కూడా మరల మీద తిరుగుతుంది. ఎత్తు మార్చినా లోపలి ట్రావెల్ తగ్గదు. వాటి ధర ఎక్కువ. నా కిట్‌లో ఎత్తు మారేది స్ప్రింగు కాలర్‌తోనే. కాబట్టి నేను దించిన ప్రతి మిల్లీమీటరూ డ్యాంపర్ కదలికలోంచి కోసేసిందే.

రెండో తప్పు నాబ్. నా కిట్‌లో ఆ నాబ్ ఎక్కువగా మార్చేది రీబౌండ్‌ను. అంటే నలిగిన డ్యాంపర్ తిరిగి సాగే వేగాన్ని. 32 దగ్గర అది ఎంత బిగుసుకుందంటే, మొదటి అతుకుకు నలిగిన చక్రం మళ్లీ కిందికి దిగేలోపే రెండో అతుకు వచ్చేసింది. ఒక్కో దెబ్బకూ కారు ఇంకాస్త కుంగింది. మూడోదానికి బంప్‌స్టాప్ మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే నేను కాలు తీశా. బరువు ముందుకు పోయి వెనక టైర్లు ఇంకా తేలికయ్యాయి.

మూడోది ముందు చక్రాల దగ్గర. మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో కింద ఒక ఆర్మ్ ఉంటుంది. అది దాదాపు అడ్డంగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. కారును మరీ దించితే ఆర్మ్ చక్రం వైపు చివర పైకి లేచిపోతుంది. అప్పుడు మలుపులో టైరు నిటారుగా నిలబడే గుణం తగ్గి, కారు ఒరగడం ఎక్కువవుతుంది. అంటే అంత గట్టి స్ప్రింగులు వేసి, దించుడుతో ఆ లాభాన్ని సగం పోగొట్టుకున్నా.

చివరగా ఉస్తాద్ ఒకే ప్రశ్న వేశాడు. "ఆదివారం ఎనక సీట్ల ఎందరు?"

"అమ్మ, నాన్న."

లెక్క వేశా. ఇద్దరూ కలిపి 130 కిలోలు. ఒక్కో వైపు 65. స్ప్రింగు 4 కేజీలది. అంటే సుమారు 16 మి.మీ. కుంగుతుంది. నా దగ్గర మిగిలింది 15. అమ్మానాన్న తలుపు వేసుకుని కూర్చున్న క్షణానికే, బండి కదలకముందే, కారు బంప్‌స్టాప్ మీద ఉండేది. ఆ పైన హైవే, ఆ పైన వాన, ఆ పైన నాన్న నడుం.

నోట మాట రాలేదు.

మళ్లీ మొదటి నుంచి

శుక్రవారం సెలవు పెట్టా. ఇద్దరం మళ్లీ మొదలెట్టాం. చేసిన వరస ఇదీ.

ముందు ఎత్తు. కాలర్లు తిప్పి ముందు 350, వెనక 355 దగ్గర ఆపాం. కంపెనీ ఎత్తు కంటే ముందు 22, వెనక 20 మి.మీ. తక్కువ. వెనక ట్రావెల్ 15 నుంచి 48కి వచ్చింది. అమ్మానాన్న ఎక్కినా ఇంకో 32 మిగులుతుంది. కాలర్లు తిప్పేముందు మరలను బ్రష్‌తో తుడిచాం. దుమ్ముతో తిప్పితే మర పట్టేస్తుంది. ఎడమా కుడీ ఒకే కొలత వచ్చేలా చూసి, లాక్ రింగు బిగించాం. తర్వాత కారును ముందుకూ వెనక్కీ కాస్త నడిపి, మళ్లీ కొలిచాం. జాకీ దించిన వెంటనే చూపే కొలత నమ్మొద్దు.

తర్వాత టైర్లలో గాలి. నాలుగూ చల్లగా ఉన్నప్పుడు, డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న లెక్క ప్రకారమే. గాలి సరిగ్గా లేకపోతే మిగతా సెట్టింగులన్నీ తప్పుదారే పట్టిస్తాయి.

ఆ తర్వాత అలైన్‌మెంట్. కారు ఎత్తు మారితే టో మారిపోతుంది. స్టీరింగ్ నిటారుగానే ఉన్నా టైర్లు లోపలి అంచున అరుగుతుంటాయి, మనకు కనిపించదు. ముందు క్యాంబర్ మైనస్ 1.2 డిగ్రీలు, టో సున్నా పెట్టించా. వెనక ట్విస్ట్ బీమ్ కాబట్టి మామూలుగా మార్చేదేమీ ఉండదు. కొత్త స్ప్రింగులు కాస్త సర్దుకుంటాయి కాబట్టి 300 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చేయించా. అన్నట్టు, హెడ్‌లైట్ల వాటం కూడా సరిచేయించుకోండి. కారు వంపు మారితే అవి ఎదుటివాళ్ల కళ్లలో కొట్టొచ్చు.

చివరికి నాబ్‌లు. దీనికి ఒక పద్ధతుంది. నాలుగూ పూర్తిగా మెత్తగా తిప్పి, అక్కణ్నుంచి క్లిక్కులు లెక్కపెట్టాలి. మధ్యలో, అంటే 16 దగ్గర మొదలెట్టాలి. ఒకే రోడ్డు, ఒకే వేగం. ఒకసారికి ముందైనా మార్చాలి, వెనకైనా మార్చాలి, రెండూ ఒకేసారి కాదు. రెండేసి క్లిక్కులే. ప్రతిసారీ ఫోన్ నోట్స్‌లో రాసుకోవాలి. ఎగుడుదిగుడు దాటాక కారు రెండోసారి ఊగితే డ్యాంపింగ్ చాలలేదని. చిన్న చిన్న అతుకులకే టైరు టకటకలాడుతూ పక్కకు జరిగితే ఎక్కువైందని. వరస గతుకుల మీద కారు అంతకంతకూ కుంగుతుంటే రీబౌండ్ మరీ బిగుసుకుందని.

మా కాలనీ వెనక ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో పదకొండు రౌండ్లు తిరిగా. చివరికి ముందు 14, వెనక 12 దగ్గర కుదిరింది. 32 క్లిక్కుల నాబ్‌లో నాకు కావాల్సింది సగం కూడా లేదు.

పరీక్ష వెనక సీట్లో

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. జిప్ టైలన్నీ ముందే కిందికి జరిపి పెట్టా. నాన్న నడుముకు చిన్న దిండు. అమ్మ ఒళ్లో పులిహోర డబ్బా.

కాలనీ చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊపిరి బిగబట్టా. కారు ఎక్కింది, దిగింది, ఒక్కసారికే ఆగింది.

"ఏరా, షాకబ్జర్లు మార్చావా?" అన్నాడు నాన్న.

"అవును నాన్నా."

"బానే ఉన్నాయి. కొంచెం గట్టివి."

అద్దంలో చూస్తూ నడిపా. చౌటుప్పల్ దాటేసరికి అమ్మ నిద్రపోయింది. పులిహోర డబ్బా ఒళ్లోనే ఉంది, కదల్లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం, ఒక్క వేలు కూడా దూరని ఆ ఫొటోలు తీసినప్పుడు కూడా కలగలేదు.

సూర్యాపేటలో దిగాక, పెళ్లి బట్టల్లోనే కింద వంగి టార్చి వేసి చూశా. వెనక జిప్ టై బంప్‌స్టాప్‌కు ఇంకా 10 మి.మీ. దూరంలో ఆగింది. నాన్న వింతగా చూశాడు.

చట్టం మాటేంటి?

ఇది చెప్పకుండా ముగిస్తే మోసం చేసినట్టవుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. సస్పెన్షన్ వివరాలు ఆర్సీలో ఉండవు కదా అని వాదించేవాళ్లున్నారు. ప్రమాదం జరిగాక ఆ వాదన పోలీసుల ముందో, బీమా సర్వేయర్ ముందో చెప్పుకోవాల్సింది మాత్రం మీరే. డబ్బు కట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాసి ఇవ్వండి. నేను బీమా వాళ్లకు రాసిచ్చింది తర్వాతే, అదీ ఉస్తాద్ తిడితేనే. పాత సస్పెన్షన్ మొత్తం ఇంట్లో డబ్బాలో భద్రంగా ఉంది. రేపెవరైనా తీసేయమంటే ఒక్క రోజు పని.

మన స్పీడ్ బ్రేకర్ల సంగతీ ఆలోచించండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాల్లో కొలత స్పష్టంగా ఉంది. బళ్లు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అలాంటివైతే కాస్త దించిన కారు కూడా హాయిగా దాటుతుంది. కానీ మన గల్లీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన కాంక్రీటు గుట్టలే ఎక్కువ. మీ కారు తిరగాల్సింది వాటి మీదే.

పోనీ, కారును నిజంగా పిండాలనుందా? చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. అలాంటి చోట హెల్మెట్ పెట్టుకుని, ఎదురు బండి లేని దారిలో పిండండి. ర్యాంప్ మీద వద్దు.

వేయించే ముందు ఇవి చూసుకోండి

• మీ కిట్‌లో ఎత్తు ఎలా మారుతుంది? స్ప్రింగు కాలర్‌తోనా, అడుగు బ్రాకెట్‌తోనా? కాలర్‌తో అయితే దించిన ప్రతి మిల్లీమీటరూ ట్రావెల్‌లోంచి పోతుంది.

• కారులో మామూలుగా ఎంతమంది ఎక్కుతారు? అంతమందినీ కూర్చోబెట్టి కొలవండి. ఖాళీ కారు కొలత సగం నిజమే.

• మొదట 20 మి.మీ. మించి దించకండి. వారం నడిపాక ఆలోచించండి.

• నాలుగు రాడ్లకూ జిప్ టైలు కట్టండి. కొన్ని రకాల డ్యాంపర్లలో రాడ్డు బయటికి కనిపించదు, అప్పుడు మెకానిక్‌తో ట్రావెల్ కొలిపించండి.

• బడ్జెట్‌లో అలైన్‌మెంట్‌కు రెండుసార్ల ఖర్చు వేసుకోండి. కొత్త బోల్టుల ఖర్చు కూడా.

• 300 కిలోమీటర్లకు ఒకసారి, తర్వాత ప్రతి సర్వీసుకూ బోల్టుల బిగువు, లాక్ రింగులు చూపించండి. వర్షాకాలం పోయాక మరలు కడిగించండి.

ఇప్పుడు నా కారుకు రెండు వేళ్ల సందుంది. ఫొటోలో పెద్దగా ఏమీ అనిపించదు. మొన్న ఆఫీసు పార్కింగ్‌లో ఒక తమ్ముడు చుట్టూ తిరిగి చూసి, "కాయిలోవర్లు పెట్టుకుని ఇంతేనా అన్నా? ఇంకా దించొచ్చుగా?" అన్నాడు.

ఏమీ అనలేదు. ఫోన్ టార్చి వెలిగించి, కింద వంగమని చెప్పి, జిప్ టై చూపించా.